ఆపరేషన్ పొట్టి డ్రైవ్

"అబ్రహాము బతకాలంటే సాయంత్రంలోగా ఆ డ్రైవ్ మన చేతికి రావాలి," అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

అబ్రహాము, ఏజెంట్ శ్రీశైలం ట్రైనింగ్‌లో ఒకే గదిలో ఉన్నారు. ఇప్పుడు అబ్రహాము సరిహద్దు అవతల మారుపేరుతో బేకరీ నడుపుతున్నాడు. అతని అసలు పేరున్న ఫైలును ఓ విదేశీ ముఠా దొంగిలించింది. అది ఒక చిన్న లాప్‌టాప్‌లోంచి ఊడదీసిన బొటనవేలంత ఎస్ఎస్‌డీ డ్రైవ్‌లో మాత్రమే ఉంది.

"ఆళ్లగడ్డ శిల్పశాలలో విదేశానికి వెళ్లే ఆంజనేయస్వామి విగ్రహం ఉంది. దాని పీఠం అడుగున తొలిపించి డ్రైవ్ దాచారు. దేవుణ్ణి తిరగేసి చూసే ఆఫీసర్ ఉండడని వాళ్ల ధీమా."

"దేవుణ్ణి కొరియర్ బాయ్‌ని చేశారన్నమాట. ఇంత తెలివున్నవాళ్లకు భయమెందుకుండదు సార్?"

"ప్రశ్నలు తర్వాత. నంద్యాలలో అలాంటిదే ఖాళీ డ్రైవ్ కొని సుమలతకివ్వు. అసలుది తీసి నీకిచ్చి, అక్కడ ఖాళీది పెడుతుంది. వాళ్లలో కలిసిపోయిన మన మనిషి ఆమె."

"మన మనిషేనా సార్?"

"జీతం మనమే ఇస్తున్నాం."

"వాళ్లూ ఇస్తున్నారేమో."

చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

నంద్యాల కంప్యూటర్ షాపులోకి శ్రీశైలం విత్తనాల ఏజెంటు వేషంలో అడుగుపెట్టాడు. మెడలో తువ్వాలు, చంకలో సంచి. ఓనర్ వెంకటేశ్వర్లు గల్లాపెట్టె దగ్గర అగరుబత్తి వెలిగిస్తున్నాడు.

"లాప్‌టాప్‌కు ఎస్ఎస్‌డీ కావాలన్నా. చిన్న లాప్‌టాప్."

"చిన్నదంటే ఎంతప్పా? లోపల జాగా సూసినావా?" వెంకటేశ్వర్లు రెండు డ్రైవ్‌లు అద్దం మీద పెట్టాడు. "ఇది అందరూ కొనే పొడుగుది. చిన్నదాంట్లో పట్టదు. మల్లా తెచ్చి నా మొగాన కొడతారు. ఇది పొట్టిది."

"పొట్టిదే ఇయ్యి."

"ఏందప్పా, ఈ పొద్దు అందరూ పొట్టిదే అడుగుతాండారు? ఏడాదికొకటి పోదు ఇది. పొద్దున ఒకాయమ్మ కొనుక్కపాయె. నల్లద్దాలు, పట్టు చొక్కా. ఆయమ్మ సెంటుకు నా అగరుబత్తి వాసనే తెలీలేదు."

శ్రీశైలానికి సుమలత సెంటు బాగా తెలుసు. దాని ఖర్చు కూడా డిపార్ట్‌మెంటుదే. ఖాళీ డ్రైవ్ తేవలసింది తనైతే, సుమలతకు ఇంకొకటి ఎందుకు?

ఆళ్లగడ్డ శిల్పశాల వాకిట్లో సుమలత ఎదురైంది.

"కందులు ఏం ధర?" అడిగాడు.

"పప్పు ఉడికాక చెబుతా," అంది.

ఈ కోడ్ కనిపెట్టినవాడికి మెడల్ కూడా వచ్చింది.

ఆమె ఖాళీ డ్రైవ్ తీసుకుని షెడ్‌లోకి వెళ్లింది. వెంటనే తిరిగొచ్చి అతని చేతిలో ఒక డ్రైవ్ పెట్టింది. "పీఠంలోంచి తీశాను. ఖాళీది పెట్టేశాను. విగ్రహం కోసం వాళ్ల వ్యాన్ వస్తుంది, నువ్వు వెళ్లు."

అంతలో శిల్పశాల యజమానురాలు ఓబులమ్మ వచ్చింది. "అప్పా, ఊరికే నిలబడితివే. ఒక చెయ్యెయ్యి, స్వామిని పైకి తీస్తాం."

"ఎక్కడినుంచమ్మా?"

"నీళ్లలోంచి. జలాధివాసం. ప్రతిష్ఠకు ముందు స్వామిని నీళ్లలో ఉంచల్ల గదా. ఆ దేశంలో సలికి నీళ్లు గడ్డకడతాయంట, ఈడనే కానియ్యమని అయ్యవారు సెప్పినాడు. మూణ్ణాళ్లాయ."

శ్రీశైలం సుమలత చేతుల వైపు చూశాడు. పట్టు చొక్కా మణికట్టు దాకా ఉంది. చుక్క తడి లేదు.

"నీళ్లు తగలకుండా తీశావా, సుమలతా? ఇది నంద్యాలలో పొద్దున కొన్నదేగా?"

ఆమె పౌడర్ డబ్బాలోంచి బుల్లి పిస్తోలు తీసి, ఇద్దరినీ షెడ్‌లోకి నడిపించింది. తొట్టిలో పూలకింద స్వామి పడుకుని ఉన్నాడు. ఆమె నీళ్లలో చెయ్యి ముంచి, పీఠం అడుగున బిరడా పీకి, అసలు డ్రైవ్ లాగింది. చెంచా కడిగినట్టు ఒకసారి విదిలించి, దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి తన లాప్‌టాప్‌కు కేబుల్ గుచ్చింది.

"వ్యాన్ కోసం ఆగక్కర్లేదు. ఫైలు ఇప్పుడే వెళ్తుంది. కదిలితే కాలుస్తా."

శ్రీశైలం కదల్లేదు. ఆగమని కూడా అనలేదు. మనసులో స్వామిని తలుచుకున్నాడు. తడిసినదాన్ని ఆరబెట్టకుండా ప్లగ్గులో పెట్టకూడదని మిక్సీ ఉన్న ప్రతి ఇల్లాలికీ తెలుసు. విదేశీ అకాడమీల్లో మిక్సీ ఉండదు కాబోలు.

స్క్రీన్ మీద ఫైలు పేరు కనిపించింది. సుమలత నవ్వుతూ 'సెండ్' మీదికి వేలు జరిపింది.

నొక్కేలోపే టప్‌మని శబ్దం. కేసులోంచి పొగ. స్క్రీన్ నల్లబడింది. ఆమె తల వంచి చూసే లోపే శ్రీశైలం తువ్వాలు ఆమె మణికట్టుకు చుట్టుకుంది. పిస్తోలు రాతిపొడిలో పడింది. బయట వ్యాన్ దిగినవాణ్ణి, శ్రీశైలం నంద్యాల నుంచే ఫోన్ చేసి పిలిపించిన మఫ్టీ పోలీసులు పట్టుకున్నారు.

"డ్రైవ్?" ఫోన్‌లో చీఫ్.

"మాడిపోయింది సార్."

"అబ్రహాము?"

"రేపు కూడా బన్నులే అమ్ముకుంటాడు."

ఓబులమ్మ పీఠం కింద వేలు పెట్టి తొలిచిన చోటు తడిమింది. బేడీలతో నిలబడ్డ సుమలతను కిందినుంచి పైదాకా చూసింది.

"స్వామి కింద బొక్క పెట్టేటప్పుడు, స్వామి స్నానం చేస్తాడని తెలీదామ్మా నీకు?"

సుమలతకు రెండు దేశాలు ట్రైనింగ్ ఇచ్చాయి. జలాధివాసం మాత్రం రెండిట్లోనూ నేర్పలేదు.