తోక కింద పన్నెండు పౌండ్లు

ఆదివారం సాయంత్రం లియోనా పరుగున వచ్చేసరికి, ఓష్‌కోష్ ఊరి ప్రైవేటు డిటెక్టివ్ మార్సెల్లా, ఆమె సహాయకుడు ఎమెట్ ఒకే గిన్నెలో రబ్బరులాంటి తాజా చీజ్ ముక్కలు తింటున్నారు. ఏ ముక్క పళ్ల కింద ఎక్కువ కీచుమంటుందో పందెం. వాళ్లిద్దరికీ పెళ్లయి మూడు వారాలు.

"నాన్న కట్టిన విమానం తోకలో ఎవరో బరువు దాచారండీ. లేదంటే నా లెక్క తప్పు," అంది లియోనా. "తోక బరువెక్కితే ముక్కు పైకి లేచి మళ్లీ దిగదు. రేపు పదింటికి తనిఖీ అధికారి వస్తారు. ఆయన సరేనంటే నాన్న ఎగురుతారు."

శనివారం లియోనా తూచినప్పుడు తోక ముప్పై ఎనిమిది పౌండ్లు. ఇద్దరు విడివిడిగా తూచడం వాళ్ల విమానాల క్లబ్బు ఆచారం. ఆదివారం పొరుగు షెడ్డు డెల్మార్ తూస్తే యాభై వచ్చింది.

మర్నాడు పొద్దున ఏడింటికే మార్సెల్లా, ఎమెట్ విమానం ఉన్న షెడ్డులో ఉన్నారు. చక్రాల కింద మూడు తూనిక యంత్రాలు. విమానం మట్టంగా నిలవడానికి తోక చక్రాన్ని ఒక చెక్కపీట మీద ఎత్తి, ఆ పీటను మూడో యంత్రం మీద ఉంచారు. పీట పక్కన సుద్దతో 'తొమ్మిది' అని రాసి ఉంది.

"పీట బరువు తొమ్మిది, యంత్రం చూపే అంకెలోంచి తీసేయాలి. నేనూ తీసేశాను," అన్నాడు డెల్మార్. "నాలుగో తరగతి పిల్లాడిని అడిగినట్టు అడక్కండి."

"తోకంతా విప్పి చూశాను. మేకు కూడా ఎక్కువ లేదు," అన్నాడు లియోనా తండ్రి నార్బర్ట్. "డెల్మార్, నా విమానం నీ దానికన్నా ముందు ఎగురుతుందని నీకు కుళ్లు."

"నీ విమానం ఎగిరితే మొదట చప్పట్లు కొట్టేది నేనేరా, మొండివాడా."

"పీట ఊగిందా?" అడిగింది మార్సెల్లా.

"శనివారం ఊగింది. అట్టముక్క మడిచి పెట్టాను," అంది లియోనా.

"నిన్న అట్టా లేదు, ఏమీ లేదు. బండలా నిలబడింది," అన్నాడు డెల్మార్.

లియోనా తల్లి ఆర్డిస్ అందరికీ కాఫీ ఇచ్చింది. ఆమె బొటనవేలి గోరు మీద బూడిదరంగు చుక్క ఉంది. పీటదీ అదే రంగు.

మార్సెల్లా రెండు రోజుల తూకం కాగితాలూ పక్కపక్కన పెట్టింది. ఎమెట్ ఆమె ముఖం చూసి ముసిముసిగా నవ్వాడు. ఆ చూపు అతనికి తెలుసు.

"అందరూ కూర్చోండి. ముందువైపు చక్రాల అంకెలు రెండు రోజులూ ఒక్కటే. విమానం లోపల బరువు దాచి ఉంటే అందులో కొంతైనా ముందు చక్రాల మీద పడేది. పడలేదు. కాబట్టి ఆ బరువు తోక చక్రంలో ఉండాలి, లేదా దాని కిందే. చక్రం మీరు విప్పి చూశారు. ఇక మిగిలింది పీట. సుద్ద అంకెను నమ్మి దాన్ని ఎవరూ మళ్లీ తూచలేదు."

డెల్మార్ తోకను భుజం మీదికి ఎత్తాడు. ఎమెట్ పీటను తీసి తిరగేశాడు. అడుగున నాలుగు కాళ్లకూ ఇనుప పలకలు జిగురుతో అతికించి, పైన బూడిదరంగు వేసి ఉంది. విడిగా తూస్తే ఇరవై ఒకటి, సుద్ద అంకెకన్నా పన్నెండు ఎక్కువ.

"నేనే చేశాను," అంది ఆర్డిస్. "శనివారం తూకం అయ్యాక మీరంతా భోజనానికి వెళ్లినప్పుడు. అది ఊగుతుంటే ప్రాణం విలవిల్లాడింది. నార్బర్ట్, నిన్ను అడిగితే ముట్టుకోవద్దంటావుగా. నువ్వీ విమానం కడుతున్న తొమ్మిదేళ్లూ దేన్నీ ముట్టుకోలేదు. అంకె మార్చాలని నాకేం తెలుసు?"

నార్బర్ట్ మోకాళ్ల మీద కూర్చుని అతుకుల మీద వేలు నడిపించాడు.

"జిగురులో ఒక్క గాలిబుడగ లేదు," అన్నాడు. "నా అతుకుల్లో ఉన్నాయి." తర్వాత కూతురి వైపు తిరిగాడు. "నీ ముప్పై ఎనిమిది సరైనదేనమ్మా. నిన్ను అనుమానించాను."

పదింటికి వచ్చిన అధికారి లెక్క కాగితం రెండుసార్లు చదివి తలూపాడు. "కట్టినవారు?" అని అడిగాడు.

నార్బర్ట్ కలం తీసుకుని ఆ కాగితం మీద ముందు ఆర్డిస్ పేరు, తర్వాత లియోనా పేరు, చివర తన పేరు రాశాడు. చోటు చాలక తనది అంచు మీదికి పోయింది.