ఇటిక్యాల సైరన్ ఎవరిది?

గద్వాలలో ఒక చీరల దుకాణం వెనక గది. టైం మూడున్నర. ఏజెంట్ మల్లికార్జున్ చీరలమ్మేవాడి వేషంలో, భుజాన మూటతో లోపలికొచ్చాడు. చీఫ్ ధనలక్ష్మి కూర్చోమనలేదు.

“నాలుగింటికి ఎగువ డ్యాం గేట్లు ఎత్తుతున్నరు. ఇటిక్యాల కాడ ఏట్ల మోటార్లు బిగిస్తున్నోళ్లు నలభై మంది. సైరన్ మోగితేనే ఒడ్డుకొస్తరు. విదేశీ ముఠా దాన్ని మోగనియ్యద్దని చూస్తుంది. సర్వర్లు మంచిగనే ఉన్నయి. ఏడ చెయ్యి పెట్టిన్రో తెల్వదు.”

“డేటా మోడల్ల పెట్టింటరు, మేడం.”

మల్లికార్జున్ పైకి ఉద్యోగం చేసేది వరద విభాగంలో. ఇదివరకు అక్కడ సెన్సర్ల వాళ్లు వేరు, నెట్‌వర్క్ వాళ్లు వేరు. ఏది చెడినా ఒకరి మీద ఒకరు తోసుకునేవాళ్లు. ఆరు నెలల కిందట అంతా ప్రొడక్టుల వారీగా మార్చారు. ‘వరద హెచ్చరిక’ ఒక ప్రొడక్టు. దానికి ఒక ఓనర్, ఒక టీం. దాని కింద సర్వీసులు, వాటి కింద యంత్రాలు. ఏది దేని కిందో డేటా మోడల్లో లింకులుగా ఉంటుంది. అలారం ఆ లింకుల వెంటే ఎక్కి ఓనర్ ఫోనుకు చేరుతుంది, అతని టీం సైరన్ మోగిస్తుంది.

ఆ ఓనర్ శ్రవణ్ కుమార్. మల్లికార్జున్ కన్నా రెండేళ్లు జూనియర్.

“పన్నెండొందల లింకులు. అరగంటల ఎట్ల చూస్తవ్?”

“రోజూ పొద్దుగాల చూస్త, మేడం. శ్రవణ్ కింద ఎన్ని సర్వీసులున్నయో లెక్కపెడ్త.”

“ఎందుకు?”

“కడుపుమంట.”

“పనికొస్తది. పో.”

కంట్రోల్ రూంలో మల్లికార్జున్ జాబితా తెరిచాడు. నిన్న శ్రవణ్ కింద పంతొమ్మిది సర్వీసులు. ఇవాళ పద్దెనిమిది! ముందు ప్రాణం లేచొచ్చింది. తర్వాత పేర్లు సరిచూశాడు. తగ్గింది ఇటిక్యాల సైరన్. దాన్ని రెండు నెలల కిందటే మూసేసిన ప్రొడక్టుకు తగిలించారు. దానికి ఓనర్ లేడు, టీం లేదు. అలారం వెళ్లినా వినే దిక్కుండదు.

“ముట్టకు.”

వెనక అత్తరు వాసన, పిస్టల్. సాయిశ్రీ. ఆ డేటా మోడల్ గీసిన మనిషే. ఆమె కోసం ఆఫీసులో తల దువ్వుకోని మగాడు లేడు. ఆమె మాత్రం రోజూ శ్రవణ్‌తోనే టీ తాగేది. అది మల్లికార్జున్‌కు ఇంకో మంట.

“నీళ్లొచ్చినంక తప్పంత శ్రవణ్ మీదికే పోతది,” అంది మెత్తగా. “గా కుర్చీ నీకే ఇస్తరు. నువ్వు ఊకె కూసో, చాలు.”

అతని చెయ్యి ఆగింది. ఎంతసేపు ఆగిందో తర్వాత రిపోర్టులో రాయలేదు.

“ఏట్ల నలభై మంది ఉన్నరు,” అన్నాడు చివరికి, మూటలోని చీర ఆమె మీదికి విసురుతూ. జరీ అంచులో సన్నటి కరెంటు తీగ ఉంది. జేబులో మీట నొక్కాడు. పిస్టల్ కింద పడింది, సాయిశ్రీ కుర్చీలో కూలబడింది.

మూడు గంటల యాభై ఎనిమిది నిమిషాలు. సైరన్ ఓనర్ గడిలో మల్లికార్జున్ తన పేరే కొట్టాడు. సిస్టం ఒప్పుకోలేదు. సర్వీసుకు విడిగా ఓనర్ ఉండడు, ప్రొడక్టు ఎవరిదైతే వాడే. పళ్లు నూరుతూ ‘వరద హెచ్చరిక’కు లింకు కలిపి ఎంటర్ కొట్టాడు. నాలుగింటికి ఇంకా పది సెకన్లున్నాయి.

నాలుగింటికి ఇటిక్యాలలో సైరన్ మోగింది. రెండు మోటార్లు కొట్టుకుపోయాయి. మనుషులు నలభై మందీ ఒడ్డెక్కారు.

ఐదింటికి శ్రవణ్ ఫోన్ చేశాడు.

“ఇన్నవా, మల్లన్నా? మా టీం టైంకు మోగిచ్చింది! పైనోళ్లు మస్తు మెచ్చుకున్నరు.”

మిషన్ సంగతి ఎవరికీ చెప్పకూడదు.

“ఇన్న తమ్మీ. శాన సంతోషమైంది,” అన్నాడు మల్లికార్జున్.

తొమ్మిదేళ్ల గూఢచారి ఉద్యోగంలో అంత కష్టమైన అబద్ధం అతను ఎన్నడూ ఆడలేదు.