లెక్కలో లేని రేవు

మీ ఇంటి మురుగు సముద్రంలో పడ్డాక ఎటు పోతుందో ఎప్పుడైనా అడిగారా? లేదు కదా! నీలపట్నం అడిగింది. అడిగి, జవాబు చెప్పడానికి ఓ యంత్రాన్నే కట్టించింది. ఇంకో పాతికేళ్ళకి రాబోయే నగరం అది. అక్కడేం జరిగిందో వినండి.

యంత్రం పేరు కెరటం. తయారుచేసింది డాక్టర్ తనూజ. తీరం పొడవునా నీళ్ళ మీద తేలే మూడు వందల సెన్సర్లు నీటి వేడినీ ఉప్పునీ ప్రవాహాన్నీ కొలిచి పంపుతుంటాయి. మురుగుతో వచ్చిపడే బాక్టీరియా, వైరస్‌లలో ఎండకి చచ్చేవెన్ని, ఉప్పుకి నీరసించేవెన్ని, ఇసుకలో దాక్కుని మళ్ళీ పైకి లేచేవెన్ని, బతికి ఒడ్డు చేరేవెన్ని, అన్నీ మూడు రోజుల ముందే కెరటం చెప్పేస్తుంది. తెర మీద నీళ్ళు పచ్చగా ఉంటే దిగొచ్చు, ఎర్రగా ఉంటే దిగకూడదు. అంతే.

శుద్ధి చెయ్యని మురుగుని ఏ వేళప్పుడు వదిలితే ఎవరికీ హాని ఉండదో కూడా నగరపాలక సంస్థ దాన్నే అడిగింది. తెల్లవారుజాము నాలుగింటికి అని చెప్పింది కెరటం. ఆర్నెల్లలో టూరిస్టు బీచ్ నిగనిగలాడిపోయింది. కమిషనర్ గారికి సన్మానాలు, శాలువాలు!

ఏడో నెలలో ఒకరోజు పొద్దున్నే తనూజ లాబ్‌లోకి కాసమ్మ వచ్చింది. బీచ్‌కి దక్షిణంగా రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న చింతరేవు జాలరిపేట మనిషి. వెనకాల ఇంకో పదిమంది ఆడవాళ్ళు.

"మా కోడలు ఎర్రతల్లి ఐదు రోజులై సెలైన్ మీదుంది. మా పేటలో ఇరవై ముగ్గురికి ఇవే వాంతులు, ఇవే విరేచనాలు. నీ మిషనేటి సెప్తందమ్మా?"

తనూజ ఆ ఉదయం ఐదు గంటల పటం తెరిచింది. చింతరేవు ముందు నీళ్ళు ముదురెరుపు. పక్కనే ఒక అంకె.

"ఆ గుండుసున్నా ఏటి?"

"నీళ్ళలో ఉన్న మనుషుల సంఖ్యండీ. ఆ టైమ్‌కి అక్కడ ఎవరూ ఉండరని..."

"ఉండరా! మరి నడుంలోతు నీళ్ళలో అలివి వల లాగతన్నది ఎవులు? మా దెయ్యాలా?"

అలివి వలంటే ఒడ్డు నుంచి లాగే పెద్ద వల. పడవ దాన్ని చుట్టూ వేసి వస్తే, రెండు తాళ్ళూ పట్టుకుని పేట పేటంతా నీళ్ళలో దిగి లాగాలి. తెల్లారేలోపు మొదలవ్వాల్సిందే.

మనుషుల లెక్క ఎక్కణ్ణుంచి వస్తోందో తనూజ వెతికింది. బీచ్ గేటు దగ్గరి టిక్కెట్ల నుంచి! చింతరేవుకి గేటే లేదు.

"అయితే టిక్కెట్టు కొని వల లాగాలేటే అత్తా?" వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ గొల్లుమన్నారు, కాసమ్మ తప్ప.

"తప్పు నాదేనండీ," అంది తనూజ. "ఒక్కసారైనా మీ రేవుకి వచ్చి చూడలేదు."

"ఒప్పుకుంటే ఎర్రతల్లి లేస్తదా? లెక్క మార్సు!"

వాళ్ళు చెబుతుంటే తనూజ ఎక్కించింది. తాళ్ళు లాగేవాళ్ళు, చేపలు కడిగేవాళ్ళు, మధ్యాహ్నం గవ్వలేరేవాళ్ళు, సాయంత్రం ఈతకొట్టే పిల్లలు. కెరటం మళ్ళీ లెక్కలు కట్టింది. హాని లేని సమయం ఏదీ లేదనీ, మురుగుని శుద్ధి చేసే వదలాలనీ తేల్చింది.

ఆ కాగితం పట్టుకుని అందరూ కమిషనర్ దగ్గరికి వెళ్ళారు.

"డాక్టర్ గారూ, మీ యంత్రం పాడైంది," అన్నాడాయన.

"నిన్నటిదాకా ఇదే సైన్స్ అన్నారు కదండీ?"

"నిన్నటిదాకా పనికొచ్చే జవాబిచ్చింది. ఆ అంకెలు తీసేసి మళ్ళీ పాతవే పెట్టెయ్యండి."

"పెట్టను."

కాసమ్మ ముందుకొచ్చింది. "మేం లేమన్నావు కదా బాబూ! రేపు ఐదింటికి రా, ఓ తాడు పట్టుకుని లాగు. నీ ఒక్కడి లెక్కయినా పడద్ది."

అయినా అంకెలు మారాయి. వేరే ఇంజనీరు చేత మార్పించారు. తనూజ ఉద్యోగం పోయింది. మనుషుల్ని చూడనంతకాలం ఆ యంత్రాన్ని నెత్తిన పెట్టుకున్నారు. చూడటం మొదలెట్టిన రోజే దానికి జబ్బు చేసిందన్నారు!

ఆ మధ్యాహ్నమే మురుగు పంపు గది గుమ్మానికి అడ్డంగా అలివి వల పరిచి, దాని మీద నూట నలభై మంది కూర్చున్నారు. తనూజ కూడా కూర్చుంది. ఈ కథ చెప్పేసరికి పన్నెండో రోజు. వాల్వ్ తిప్పేవాడు లోపలికి వెళ్ళలేదు. ఎర్రతల్లి ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి అత్త పక్కన కూర్చుంది.

మీ తీరానికీ ఇలాంటి యంత్రం ఒకటి వస్తుంది. వచ్చిన రోజే వెళ్ళండి. మీ పేటలో ఎవరు ఏ గంటకి నీళ్ళలో దిగుతారో పేరు పేరునా దగ్గరుండి రాయించండి. రాయం పొమ్మంటారా? గుమ్మానికి అడ్డంగా కూర్చోండి. రాసేదాకా లేవకండి.