తల్లి జెల్

ఉదయం పదింబావుకి లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఒక పాలిమర్ శాస్త్రవేత్త శవమై పడి ఉన్నాడు. పదకొండింటికల్లా ఏజెంట్ చీఫ్ ముందు నిలబడ్డాడు.

"చనిపోయినతను చేస్తున్న జెల్ తయారీ తెలిసింది ఇక అతని ల్యాబ్ నడిపే ప్రొఫెసరమ్మ ఒక్కదానికే. కాలిన గాయం మీద అది కొత్త చర్మంలా అతుక్కుంటుంది. మంచినీటి మెయిన్ పైపులో పడితే మాత్రం ఊళ్లో గొట్టాలన్నీ బిగుసుకుపోతాయి. విదేశీ ముఠా కన్ను దానిమీదే. ల్యాబ్‌లో మన మనిషి ఉంది. కోడ్ చెప్పు, శాంపిల్ తెచ్చెయ్."

మధ్యాహ్నం ఏజెంట్ ఫ్రిజ్ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. ప్రొఫెసరమ్మ కోడలే ఆమెకు అసిస్టెంటు. తెల్లకోటులో కూడా సినిమాతారలా మెరిసిపోతోంది.

"ఫ్రిజ్ తలుపు గాస్కెట్ అరిగిందా?"

"అరగలేదు, అలిగింది."

కోడ్ కలిసింది. ఏజెంట్ ఫ్రిజ్ ముందు వంగాడు. మెడకి పిస్తోలు సైలెన్సర్ చల్లగా తగిలింది.

"చేతులు పైకి. నేను మీవాళ్లకే కాదు, అవతలివాళ్లకీ మనిషినే."

బల్ల దగ్గర ప్రొఫెసరమ్మ లేచి నిలబడింది. "లిఫ్టులో ఆ పని... నువ్వేనామ్మా?"

"అడ్డొచ్చాడు అత్తయ్యా. ఆ సీసా ఇలా ఇవ్వండి. కారు వచ్చేస్తోంది."

సీసాలో ఉన్నది తల్లి జెల్. అది కలపందే, ఫార్ములా చేతిలో ఉన్నా కొత్త జెల్ కట్టదు. దాన్ని సాధించడానికి ప్రొఫెసరమ్మకి ముప్ఫై ఒక్కేళ్లు పట్టింది. వచ్చే నెలలో కాలిన రోగుల మీద మొదటి పరీక్ష.

ఆమె ఫ్రిజ్‌లోంచి సీసా తీసి వెలుతురుకి ఎత్తి చూసింది. "మీ మామయ్య పోయినరోజు కూడా దీని దగ్గరే ఉన్నాను."

"తెలుసు. ఇవ్వండి."

కింద హారన్ మోగింది. కోడలు చెయ్యి చాచింది. ప్రొఫెసరమ్మ మూత తీసి సీసాని పక్కనున్న యాసిడ్ బీకరులో వంచేసింది. బుస్సుమని పొగ లేచింది.

"అత్తయ్యా! ఇంకెక్కడుంది?"

"ఎక్కడా లేదమ్మా."

కోడలి చూపు బీకరు మీదికి మళ్లింది. ఆ ఒక్క క్షణంలో ఏజెంట్ పిస్తోలు లాక్కుని ఆమె చేతులు విరిచికట్టాడు. హారన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది.

"మళ్లీ చెయ్యొచ్చు కదా మేడమ్?"

"నాకు అరవై ఎనిమిది, నాయనా." ఆమె బీకరు కడగడానికి సింకు దగ్గరికి వెళ్లింది.

ఫోనులో చీఫ్ గొంతు హుషారుగా ఉంది. "శభాష్! రిపోర్టులో నష్టం అన్నచోట ఏం రాయమంటావ్?"

ఏజెంట్ సింకు దగ్గర బీకరు కడుగుతున్న ప్రొఫెసరమ్మ వైపు చూశాడు.

"ఒక చిన్న గాజుసీసా అని రాయండి సార్. అంతకన్నా పెద్దది రాయడానికి ఆ ఫారంలో చోటుండదు."