కత్తిరించిన మొక్కు

హారన్!

ఆపకుండా హారన్ కొడుతూనే ఉంది యమున.

ముందు పోతున్న బస్సు ఆగడం లేదు. కనీసం స్లో కూడా కావడం లేదు!

చీకటి పడి ఎంతోసేపు కాలేదు. వాన మాత్రం సాయంత్రం నుంచీ దంచుతోంది. హన్మకొండ దాటాక ఫాతిమానగర్ బ్రిడ్జి మీద నీళ్లు పారుతున్నాయి. స్కూటీ మీద, హెల్మెట్ మీద, కళ్లలో... ఎక్కడ చూసినా నీళ్లే!

బస్సు వెనక అద్దానికి ఫ్లెక్సీ కట్టారు.

ఇంటర్నేషనల్ బిజినెస్ స్టడీ టూర్... బ్యాంకాక్... పది రోజులు!

పక్కనే సూటు వేసుకుని నవ్వుతున్న శ్యాంసుందర్ సార్ ఫొటో. ఆ నవ్వు చూస్తుంటే యమునకు ఒళ్లు మండిపోతోంది.

"నవ్వు... నవ్వు! నీ పండ్లు రాలగొట్టకపోతె నా పేరు యమునే కాదు!"

ఎదురుగా లారీ!

హెడ్‌లైట్లు కళ్లలో పడ్డాయి. హ్యాండిల్ పక్కకు లాగింది. స్కూటీ జారింది. కాలు కింద పెట్టి ఆపుకుంది. లారీ చెవి పక్కనుంచే దూసుకుపోయింది. లారీ డ్రైవర్ బూతు తిట్టాడు. ఆమె అంతకంటే పెద్ద బూతు తిట్టింది.

మళ్లీ యాక్సిలరేటర్!

ఆ బస్సు శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు చేరకూడదు. దాని నిండా బీబీఏ పిల్లలున్నారు. వెళ్తే కొందరు తిరిగి రారు.

పోయినసారి పవన్ రాలేదు.

పవన్ ఆమె తమ్ముడు. ఫైనల్ ఇయర్. మొదటి బ్యాచ్‌లో వెళ్లాడు. కంపెనీలు చూపిస్తాం, పోర్టు చూపిస్తాం, సర్టిఫికెట్ ఇస్తాం అన్నాడు శ్యాంసుందర్. కాలేజీలో లెక్చరర్, టూర్‌కు కోఆర్డినేటర్ ఆయనే. పది రోజుల తర్వాత అందరూ దిగారు. పవన్ తప్ప!

"మీవాడు లక్కీ అమ్మా. అక్కడే ఇంటర్న్‌షిప్ దొరికింది" అన్నాడు.

నమ్మారు! నర్సంపేట దగ్గర పత్తి చేనులో కలుపు తీస్తూ అమ్మ మల్లక్క ఊరంతటికీ చెప్పుకుంది, నా కొడుకు ఫారిన్‌ల నౌకరి చేస్తాండని. ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. మెసేజీలే. బాగున్న. బిజీ ఉన్న. అంతే.

ఇవాళ మధ్యాహ్నం ఫొటో వచ్చింది. తెల్లగోడ ముందు టై కట్టుకుని నవ్వుతున్నాడు పవన్.

జుట్టు లేదు!

తల మీద కత్తెర నడిచిపోయింది. చర్మం కనబడేంత పొట్టిగా!

అమ్మ దవాఖానలో కళ్లు తెరవకుండా పడి ఉన్నప్పుడు మొక్కుకున్నాడు వాడు. సమ్మక్క తల్లీ, మా అమ్మ లేస్తే జుట్టు పెంచి మేడారంల నీకే ఇస్తా అని. అమ్మ లేచింది. జుట్టు భుజాలు దాటింది. క్లాసులో ఎగతాళి చేశారు. ప్రిన్సిపాల్ గేటు బయట నిలబెట్టాడు. అయినా కత్తెర తాకనివ్వలేదు. జాతర ఇక వచ్చే మాఘంలోనే.

అలాంటివాడు తనంతట తాను కోయించుకుంటాడా?

ఎవరో పట్టుకుని కోశారు!

బ్యాంకాక్ నుంచి బార్డర్ దాటించి, గదుల్లో బంధించి, కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి జనాన్ని మోసం చేయించే ముఠాల గురించి టీవీలో చూసింది యమున. తప్పించుకొచ్చిన కుర్రాళ్లను చూపించారు. అందరివీ ఇలాంటి తలలే! ఫొటో పట్టుకుని స్టేషన్‌కు పరుగెత్తింది. "జుట్టు కట్ చేస్తే ఏం కేసు పెట్టాలమ్మా?" అని నవ్వారు అక్కడ. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు పటపటమంటున్నాయి.

హెల్మెట్ లోపల, చెవి పక్కన దోపుకున్న ఫోన్ మోగింది. వేలు దూర్చి ఎత్తి, స్పీకర్ ఆన్ చేసింది.

"అక్కా... నేను రమ్య!"

రమ్యది వాళ్ల వాడకట్టే, ఇరుగుపొరుగు. బస్సులోనే ఉంది. మధ్యాహ్నం యమున వద్దంటే వినలేదు. ఇప్పుడు గుసగుసగా మాట్లాడుతోంది.

"సార్ ఫోన్లు గూడ ఇయ్యమంటాండు అక్కా. కొత్త సిమ్‌లు ఏస్తడట. నేను నాది దాచిన."

"పాస్‌పోర్టులు ఎవల దగ్గరున్నయ్?"

"సార్ దగ్గరనే. పోగొట్టుకుంటరని అందరివి తీస్కున్నడు. నల్ల బ్యాగుల వెట్టి చంకల వట్టుకున్నడు."

"ఇంకెవలున్నరు?"

"డ్రైవరు. ఇంకో టూర్ మేనేజర్. మాస్కు, టోపి పెట్టుకొని ముంగట కూసున్నడు. జలుబట. ఒక్క మాట మాట్లాడ్తలేడు."

యమునకు దారి దొరికింది. పాస్‌పోర్టులు లేకపోతే ఒక్కరూ విమానం ఎక్కలేరు!

"రమ్యా, విను. కడుపుల తిప్పుతాందని ఒర్రు. బస్సు ఆపియ్యి. ఫోన్ మాత్రం కట్ చెయ్యకు!"

"భయమైతాంది అక్కా..."

"నాకు కోపమైతాంది! ఒర్రు!"

మడికొండ దాటింది. రోడ్డు పక్కన మూసేసిన ధాబా. దాని వెనక పత్తి చేను.

ఎర్ర లైట్లు వెలిగాయి.

బస్సు ఆగింది!

రమ్య దిగి రోడ్డు పక్కన వంగి దగ్గుతోంది. వెనకే గొడుగు పట్టుకుని శ్యాంసుందర్ దిగాడు. చంకలో నల్ల బ్యాగు.

స్కూటీ స్టాండు కూడా వేయలేదు యమున. కింద పడేసింది.

"నా తమ్ముడు ఏడి?"

ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత ఫ్లెక్సీలో ఉన్న నవ్వే మొహానికి తెచ్చుకున్నాడు.

"యమునా! ఇంత వానలో ఏంటమ్మా? ఫొటో రాలేదా? హ్యాపీగా ఉన్నాడు కదా?"

"వాని జుట్టు ఎవలు కోసిన్రు?"

"కార్పొరేట్ డ్రెస్ కోడ్ అమ్మా. నీకు అర్థం కాదులే. ఇంటికి వెళ్లు."

అర్థం కాదట!

ఒక్క గుంజు! బ్యాగు ఆమె చేతికొచ్చింది. గొడుగు ఎగిరి కాలువలో పడింది. యమున ధాబా వెనక్కి పరుగు తీసింది.

"ఏయ్! పట్టుకో దాన్ని!"

బస్సులోంచి మాస్కువాడు దూకాడు!

చేను నిండా బురద. పత్తి కొమ్మలు రెయిన్‌కోటును పట్టి లాగుతున్నాయి. చెప్పు ఊడిపోయింది. ఆగలేదు. వెనక అడుగులు దగ్గరవుతున్నాయి. వాడు జారడం లేదు, తడబడడం లేదు. చేను అలవాటున్న పరుగు!

ఎదురుగా బావి!

నిలువునా ఆగింది. గట్టు లేని పాత వ్యవసాయ బావి. ఇంకో అడుగు వేస్తే లోపలే.

భుజం మీద చెయ్యి పడింది.

హెల్మెట్ తీసి, వెనక్కి తిరిగి, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది! ఫోన్ ఎగిరి బురదలో పడింది. వాడి టోపీ ఎగిరిపోయింది. మాస్కు జారింది.

"అక్కా! నేనే!"

పవన్!

యమున చేతిలోంచి హెల్మెట్ జారిపోయింది. తమ్ముణ్ని గుండెలకు అదుముకుంది.

"ఎప్పుడొచ్చినవ్‌రా? తప్పించుకొచ్చినవా? అమ్మ నీకోసం..."

వాడు ఆమెను పట్టుకోలేదు. వాడి చేతులు బ్యాగును లాగుతున్నాయి.

"బ్యాగు ఇయ్యి అక్కా."

యమున బ్యాగు వదలకుండా పక్కకు జరిగింది.

"నీ జుట్టు ఎవలు కోసిన్రురా?"

"ఎవలూ కొయ్యలే. నేనే కోయించుకున్న... హన్మకొండలనే. గా జుట్టుంటె అందరు గుర్తువడ్తరని."

"మరి గా ఫొటో?"

"సార్ రూముల దిగిన."

చెంప ఛెళ్లుమంది! ఇంకోటి! మరోటి!

"అమ్మ ఆడ అన్నం తింటలేదు! నువ్వు ఈడ్నే ఉండి సూటుబూటు ఫొటోలు దిగుతానవా? ఎందుకురా?"

"నా బదులు ముగ్గుర్ని తెమ్మని తోలిన్రు. తెస్తె నన్ను ఇడుస్తరట!" పవన్ ఏడుస్తున్నాడు. "మల్ల ఆడికి పోతె సచ్చిపోత అక్కా! పండనియ్యరు. నీళ్లియ్యరు. కరెంటు వెడ్తరు... ఇగో చూడు!"

మణికట్టు చుట్టూ నల్లటి మచ్చలు. యమునకు గుండె తరుక్కుపోయింది. అయినా కోపం దిగలేదు. ఇంకా పెరిగింది.

"గా ముగ్గురు ఎవలు?"

పవన్ మళ్లీ బ్యాగు అందుకోబోయాడు.

"చెప్పురా!"

"నా మాట నమ్మేటోల్లు..."

బురదలో ఫోన్ వెలుగుతోంది. కాల్ కట్ కాలేదు.

"పవనన్నా..." రమ్య గొంతు. "బ్యాంకాక్ మంచిగున్నది, నువ్వు గూడ రా అని మెసేజ్ వెట్టింది గిందుకేనా? నీకు రాఖీ కడితినే అన్నా!"

పవన్ మొహం పాలిపోయింది.

"ఫ్యామిలీ సీను చాలు!"

శ్యాంసుందర్! బురదలో కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చాడు. చేతిలో పిస్టల్. ఇప్పుడు నవ్వడం లేదు.

"పవన్, బ్యాగు తీసుకురా. మీ అమ్మ ఏ దవాఖానకు పోతుందో, ఏ బస్సు ఎక్కుతుందో నాకు తెలుసు. ఆలోచించుకో!"

పిస్టల్ యమున వైపు తిరిగింది.

యమున తమ్ముడి కళ్లలోకి చూసింది. బ్యాగును వాడి ఛాతీకేసి కొట్టింది.

"తీస్కో! పొయ్యి వానికియ్యి! నీ కొడుకు ఆడనే సచ్చిండని అమ్మకు నేనే చెప్త!"

పవన్ బ్యాగు అందుకున్నాడు. శ్యాంసుందర్ వైపు నడిచాడు. ఒక్కో అడుగూ...

నిజంగానే ఇచ్చేస్తున్నాడు!

"గుడ్ బాయ్" అన్నాడు శ్యాంసుందర్. చెయ్యి చాచాడు.

పవన్ ఆగాడు. పిస్టల్‌కూ అక్కకూ సరిగ్గా మధ్యలో. చెయ్యి వెనక్కి తిప్పి విసిరాడు!

బ్యాగు యమున తల మీదుగా ఎగిరింది.

బావిలో... బుడుంగ్!

"నీ..." అని అరిచాడు శ్యాంసుందర్.

ఢాం!

పత్తి చేను మొత్తం వెలుగులు! సార్ సీట్లోంచి మళ్లీ తీసుకున్న ఫోన్ల టార్చిలు! బస్సులో పిల్లలంతా రమ్య ఫోన్ స్పీకర్లో విన్నారు. కేకలు వేస్తూ చేనుకు అడ్డంపడి వచ్చారు. వాళ్లతోపాటే వచ్చిన బస్సు డ్రైవర్ శ్యాంసుందర్ చేతి మీద రాడ్డుతో కొట్టాడు. పిస్టల్ బురదలో పడింది. శ్యాంసుందర్ కింద పడ్డాడు. రమ్య అతని జుట్టు పట్టుకుని తల బురదకేసి నొక్కుతోంది. ఎవరూ ఆపడం లేదు.

యమున అటు చూడలేదు.

పవన్ మోకాళ్ల మీద ఉన్నాడు. చొక్కా ముందుభాగం ఎర్రబడుతోంది. మెల్లగా పక్కకు ఒరిగాడు.

ఆమె పరుగెత్తి వాడి తలను ఒళ్లోకి తీసుకుంది. పొట్టి వెంట్రుకలు అరచేతికి గుచ్చుకున్నాయి.

"అక్కా... మేడారంల... నా మొక్కు..."

"నోర్ముయ్! నీ మొక్కు నేను తీర్చేది లేదు! నువ్వే పెంచాలె, నువ్వే ఇయ్యాలె!"

పవన్ కళ్లు మూసుకుపోతున్నాయి.

"లెవ్వురా!" యమున వాణ్ని పట్టి ఊపేస్తోంది. "లెవ్వు! నిన్ను కొట్టుడు ఇంకా అయిపోలే!"