ఎక్స్‌ప్రెస్‌కి లైన్ లేదు

"బొమ్మ రైళ్ళు భలే ఉన్నాయే!"

పోయిన ఏడాది ఆల్విన్ నోరుజారింది ఈ ఒక్క మాటే. థార్న్‌బెక్ చర్చి హాల్లో ఏటా జరిగే రైలు నమూనాల ప్రదర్శనలో ఎవరినైనా తిట్టొచ్చు గానీ, మోడల్ రైలును బొమ్మ అనకూడదు. అప్పటిదాకా మూడేళ్ళుగా నవ్వుతూ మాట్లాడిన హెస్టర్ టీ కప్పు ఠక్కున బల్లమీద పెట్టి అటు తిరిగింది. తర్వాత రాసిన ఉత్తరాలకు జవాబే లేదు.

ఈ ఏడాది మళ్ళీ కీత్లీ నుంచి రైళ్ళ క్లబ్బు బస్సెక్కి వచ్చాడు. గొడుగు మరిచి వానలో ముద్దయ్యాడు. ఇవాళ కూడా హెస్టర్ మనసు కరగకపోతే ఇక ఈ ఊరి మొహం చూడనని దారి పొడుగునా ఒట్లు పెట్టుకున్నాడు.

"తాడు అవతల నిలబడండి. వేటినీ ముట్టుకోకండి," అంది హెస్టర్.

నిరుడు 'నువ్వు'. ఇవాళ 'మీరు'.

ఆమె వెనకాల ముప్ఫై అడుగుల బల్ల. దానిమీద వాళ్ళ తాత ఈనాక్ నలభై ఏళ్ళు సిగ్నల్స్ వేసిన స్టేషన్ అచ్చుగుద్దినట్టు ఉంది. ఆ చివర తాత, ఈ చివర మనవరాలు. ఇద్దరి మధ్యా మాటల్లేవు, గంటలే.

"అమ్మాయ్, నా మోకాలు మొండికేసింది. టీ తాగొస్తా," అంటూ లేచాడు ఈనాక్. "ఏమోయ్ తడిసిన కోడీ, నా కుర్చీలో కూర్చో."

"తాతా! ఆయనకి గంటలు తెలీవు."

"తెలుసు," అన్నాడు ఆల్విన్. "ఏడాదిగా నేర్చుకున్నా."

హెస్టర్ కనుబొమ్మ ఒక్కటి లేచింది.

పద్ధతి సులువే. ఇటు కొట్టిన గంటను అటువాళ్ళు అలాగే తిరిగి కొడితే సరేనన్నట్టు. కొట్టకపోతే రైలు కదలకూడదు.

ఆల్విన్ తాత కుర్చీలో కూర్చుని ఒక్క గంట కొట్టాడు. వింటున్నావా అని.

ఉలుకూ పలుకూ లేదు.

మళ్ళీ కొట్టాడు. లేదు.

"రైలు రాదామ్మా?" అంది తాడు దగ్గర నిలబడ్డ రెయిన్‌కోటు పెద్దావిడ.

అప్పుడు మోగింది. ఒకటి, రెండు... ఆరు!

"అమ్మో, ఆరే!" అంటూ చుట్టూ చేరిన ముసలాళ్ళంతా గొల్లున నవ్వారు. ఆరంటే లైనుకి ఏదో అడ్డం పడింది, బళ్ళన్నీ ఆపెయ్యమని.

"అడ్డమేంటో చెబితే తీసేస్తాగా!" అని అరిచాడు ఆల్విన్.

"బొమ్మ రైలుకి ఇంత హడావిడి ఎందుకండీ?" అని దెప్పింది హెస్టర్.

"తప్పయింది హెస్టర్. బుద్ధి గడ్డి తింది." జేబులోంచి వేలెడంత సిగ్నల్ స్తంభం తీశాడు. "ఇది నేనే చేశా. టంకం పెడుతుంటే మూడుసార్లు వేళ్ళు కాలాయి. బొమ్మ కాదని అప్పుడు తెలిసొచ్చింది."

హెస్టర్ వచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"వంకరగా ఉంది."

"చేసినవాడు కూడా అంతేగా."

పెదవి కొరుక్కుంటూ వెళ్ళి తన చోట కూర్చుంది. ఆల్విన్ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఒక్క గంట కొట్టాడు.

టింగ్! ఒక్క గంట తిరిగొచ్చింది.

ఇక ఆగుతాడా? టింగ్ టింగ్ టింగ్ టింగ్!

"నాలుగా? ఎక్స్‌ప్రెస్సా?"

"అవును! నువ్వంటే నాకు చచ్చేంత ఇష్టం. నాలుగేళ్ళ నుంచి చెప్పలేక చస్తున్నా!"

పక్క బల్లమీది రైలు కూడా ఆగిపోయింది. హెస్టర్ చెంపలు ఎర్రబడ్డాయి.

"ఎక్స్‌ప్రెస్‌కి లైన్ లేదు," అంది మెల్లగా. ఆల్విన్ మొహం మాడిపోయింది. "ఆగు, పూర్తిగా విను! ప్రతి స్టేషన్లో ఆగుతూ వచ్చేదైతే చూస్తా. ముందు టీ. ఆదివారం మా ఇంట్లో భోజనం. తర్వాతి స్టేషన్ సంగతి తర్వాత."

ఆగు అంది. విను అంది! 'మీరు' ఎప్పుడు పోయిందో ఆమెకే తెలీదు.

ప్యాసింజర్ గంట కొట్టాడు ఆల్విన్. మూడు, కాస్త ఆగి ఒకటి.

టింగ్ టింగ్ టింగ్... హెస్టర్ అతని కళ్ళలోకి చూసింది. టింగ్.

జామ్ కేకు పళ్ళెంతో వచ్చిన ఈనాక్ ఉండబట్టలేకపోయాడు. "ఇంకా చూస్తావేంట్రా? రెండు కొట్టు, బండి బయల్దేరిందని!"

కంగారులో మూడు కొట్టాడు ఆల్విన్.

"రెండురా బాబూ, రెండు! ఏడాదంతా ఏం నేర్చుకున్నావో!" అంటూ పగలబడి నవ్వి, తప్పు దిద్ది రెండే కొట్టింది హెస్టర్.

బండి కదిలింది.