లాకుల దగ్గర ఊపిరి చప్పుడు

చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళ్తుంటే మురుగు కాలువ మీద పాడుబడిన లాకులు వస్తాయి. ఆ చోటికి మంచి పేరు లేదు. పొద్దుగూకాక ఆ గట్టు మీద వెళ్ళమంటే ఎంత మొనగాడైనా రేపు చూద్దాంలే అంటాడు. వెనకటి తుపానులో కొట్టుకొచ్చిన శవాలు ఆ తలుపులకే అడ్డం పడ్డాయట. వాళ్ళు ఇంకా ఊపిరి కోసం గిలగిల్లాడుతూనే ఉన్నారట. చీకట్లో చెవి ఒగ్గితే... పెదాలు తెరిచి మూసిన చప్పుడు... ఒకరిది కాదు, మందిది.

సోహైల్ ఇదంతా విన్నవాడే. అతనిది విజయవాడ. కాలువల్లో నీళ్ళు ఎలా ఉన్నాయో పరీక్షించే ఆఫీసులో టెక్నీషియన్. నీళ్ళలో ప్రాణవాయువు ఎంత ఉందో మీటరు ముంచి చూడటం, సీసాలు నింపి ల్యాబుకు పంపడం అతని పని. లాకుల దగ్గర మాత్రం ఆ పని ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే. అతనికి ముందు చేసినవాళ్ళదీ అదే పద్ధతి. ఎందుకని అడిగితే పైకి ఎవరూ చెప్పరు. పెళ్ళాం బిడ్డలు ఉన్నవాళ్ళు కదా మరి.

ఆ రోజూ ఎండలోనే చూశాడు. అంకె బ్రహ్మాండంగా వచ్చింది. కాలువ అవతలి గట్టున చేపల చెరువు కౌలుకు చేస్తున్న మణెమ్మ అతని దగ్గరకొచ్చి నిలబడింది.

"నీళ్ళు బాగున్నాయా సారూ? చెరువు తగ్గిపోయింది. రాత్రికి కరెంటిస్తారు. మోటారేసి ఈ నీళ్ళే తోడుకుందామని."

"భేషుగ్గా ఉన్నాయండీ. తోడుకోండి."

మణెమ్మ భర్త పోయాక సొంతంగా పెంచిన మొదటి చేపలవి. బొచ్చెలూ శీలావతులూ నాలుగు రోజుల్లో పట్టుబడికి వస్తాయి. అవి ఒడ్డెక్కితే ఆవిడ నిలబడ్డట్టు, లేకపోతే లేదు.

రాత్రి చల్లపల్లి లాడ్జిలో అన్నం కలుపుతుంటే సోహైల్‌కి తట్టింది. కాలువ పచ్చగా, చిక్కగా ఉంది. అంత నాచు పట్టిన నీళ్ళలో ఎండ ఉన్నంతసేపూ ప్రాణవాయువు పుడుతుంది. చీకటి పడ్డాక ఆ నాచే ఉన్నదంతా తాగేస్తుంది. మధ్యాహ్నం అంకె... మధ్యాహ్నానికే చెల్లుతుంది. చదువుకున్న ముక్కే. దెయ్యం భయంలో ఇన్నేళ్ళూ ఎవరూ రాత్రి వెళ్ళి చూడలేదు.

కంచం పక్కకు నెట్టాడు. ఫోన్ చేశాడు. మణెమ్మ ఫోన్ స్విచాఫ్. మళ్ళీ చేశాడు... స్విచాఫే.

బండి తీశాడు. చెరువుకు దారి ఒక్కటే — లాకుల మీదుగా.

లాకుల మీదున్న సన్నటి వంతెన మీద బండి పోదు. ఇవతలే ఆపి, మీటరు సంచి భుజాన వేసుకుని, ఫోన్ లైటుతో నడక మొదలుపెట్టాడు. గాలి లేదు. ఏదో కుళ్ళిన వాసన. దూరంగా మోటారు మోత వినపడుతోంది — అంటే తోడుతూనే ఉంది. అడుగు తొందరగా వేయబోయాడు.

అప్పుడు వినిపించింది.

చప్... చప్... చప్...

అక్కడే ఆగిపోయాడు. ముందు నుంచి, వెనక నుంచి, కాళ్ళ కింద నుంచి... అచ్చం అందరూ చెప్పినట్టే. ఊపిరి అందక నోళ్ళు తెరుస్తున్న చప్పుడు. చిన్నప్పుడు అమ్మీ నేర్పిన దువా మొదలుపెట్టాడు. సగంలో మర్చిపోయాడు. వెనక్కి పరుగెడదామనే అనిపించింది, అందులో దాపరికం లేదు. కానీ అవతల మోటారు ఆగడం లేదు.

లైటు కిందికి తిప్పాడు.

నీళ్ళు కనపడలేదు. నోళ్ళు కనపడ్డాయి. గుండ్రంగా, తెల్లగా... వందలు, వేలు... ఆకాశంకేసి తెరుచుకుంటూ, మూసుకుంటూ—

చేపలు.

సోహైల్‌కి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళుగా ఊరంతా వణికింది వీటికా అనుకున్నాడు. మీటరు తీసి ముంచాడు. అంకె దిగింది... దిగింది... సున్నాకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది. నవ్వు అక్కడితో పోయింది. చెరువు దాకా పరుగెత్తాడు.

"మోటారు ఆపండి మణెమ్మ గారూ. ఆ నీళ్ళు వద్దండీ."

మణెమ్మ వెంటనే స్విచ్చి కట్టేసింది. మోత ఆగింది. చుట్టూ నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో...

చప్... చప్... చప్...

ఈసారి చెరువులోంచి.

గాలి కొట్టే మిషన్లు ఆవిడకు లేవు. చెరువులో చల్లే ప్రాణవాయువు బిళ్ళలమ్మే కొట్టు తెల్లారితే గానీ తీయరు. మంచి నీళ్ళు పెడదామంటే, పెట్టడానికి ఆ కాలువ తప్ప ఇంకోటి లేదు. మణెమ్మ చీర ఎగదోపి చెరువులోకి దిగింది. చేతులతో నీళ్ళు బాదడం మొదలుపెట్టింది, కాస్తయినా గాలి కలుస్తుందని. సోహైల్ కూడా దిగి బాదాడు. భుజాలు పడిపోయేదాకా బాదాడు. చేపలు వచ్చి వాళ్ళ ఒంటికి ఆనుకుంటున్నాయి. ఒక్కొక్కటే పక్కకు ఒరుగుతున్నాయి.

మాట్లాడకుండా ఉండలేక సోహైల్ అన్నాడు.

"లాకుల దగ్గర దెయ్యం లేదండీ. ఆ చప్పుడు... చేపలదే."

మణెమ్మ బాదుతూనే ఉంది. చెయ్యి ఆపకుండానే, చాలా మెల్లగా అంది.

"దెయ్యమైనా బాగుండేది సారూ. తెల్లారితే పోయేది."